పన్నెండు చుట్లు

కర్నూలులో కొండారెడ్డి బురుజు దగ్గర ఒక సందులో నిలబడి ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తింటున్నాను. బండి ఆయన నా సైకిలు క్యారియర్‌కు కట్టిన సంచి చూసి అడిగాడు:

"యాడికన్నా?"

"కడపకు."

"ఈ పొద్దు బస్సులు బందా?"

పక్కన తింటున్నవాళ్ళు నవ్వారు, నేనూ నవ్వాను. యాభై ఆరేళ్ళ మనిషి, ముందుకొచ్చిన పొట్ట, డిసెంబరు చలికి చెవుల చుట్టూ మఫ్లరు, గేర్లు లేని పాత సైకిలు. ఆయన అడిగింది న్యాయమే. కర్నూలు నుంచి కడపకు దాదాపు రెండు వందల కిలోమీటర్లు. పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నం అన్నానికి కడపలో ఉండొచ్చు. నేను మూడు రోజులు పెట్టుకున్నాను.

"ఏం పనిమింద?"

"నంద్యాల పిల్లోడొకడు పారిస్‌లో సైకిలు తొక్కినాడు. ఆ పిల్లోడి దోవ ఎట్లుంటాదో చూద్దామని."

ఆయన చిల్లర చేతిలో పెడుతూ జాలిగా అన్నాడు. "పారిస్‌కు ఇట్ల పోరు కదన్నా."

ఆ పిల్లోడి పేరు షేక్ అర్షద్. రోడ్డు ప్రమాదంలో కాలు పోగొట్టుకున్నవాడు. హైదరాబాదులోని ఆదిత్య మెహతా ఫౌండేషన్ అండతో పోటీ సైకిలెక్కాడు. ఆ సంస్థ పెట్టిన మెహతాదీ అలాంటి కథే. ప్రమాదంలో కాలు పోయాక సైక్లింగ్ పట్టుకుని, 2013 ఆసియా పారా సైక్లింగ్ పోటీల్లో రెండు రజతాలు గెలిచి, తనలాంటి వాళ్ళను సైకిలెక్కించే పనిలో పడ్డాడు. 2024లో పారిస్ పారాలింపిక్స్‌కు మన దేశం నుంచి 84 మంది వెళ్ళారు, 29 పతకాలు వచ్చాయి. వరంగల్ జిల్లా అమ్మాయి దీప్తి జీవాంజి 400 మీటర్ల పరుగులో కాంస్యం తెచ్చింది, ఆ పేరు తెలుగువాళ్ళందరికీ తెలిసింది. అర్షద్ పతకం తేలేదు. ట్రాక్ మీద 3000 మీటర్ల పర్స్యూట్‌లో, తన సి2 వర్గంలో, తొమ్మిదో స్థానం. ఆ తర్వాత రోడ్డు మీద టైమ్ ట్రయల్‌లో పదకొండో స్థానం. పారాలింపిక్స్‌లో సైక్లింగ్ 1984 నుంచి, ట్రాక్ పోటీలు 1996 నుంచి ఉన్నా, మనవాళ్ళు దిగడం అదే మొదలు. మహారాష్ట్ర అమ్మాయి జ్యోతి గడేరియా, మన అర్షద్, ఆ తొలి ఇద్దరు. కాళ్ళు రెండూ బాగున్నవాళ్ళ ఒలింపిక్స్ సంగతి చెప్పుకుంటే ఇంకా సిగ్గు. 1964 టోక్యో తర్వాత సైక్లింగులో మనవాళ్ళు దిగనేలేదు.

నన్ను పట్టుకున్నది స్థానం కాదు, లెక్క. పారిస్ శివారులోని ఆ వెలోడ్రోమ్‌లో ఒక చుట్టు 250 మీటర్లు. మూడు వేల మీటర్లంటే పన్నెండు చుట్లు. బయలుదేరిన గీత దగ్గరికే పన్నెండుసార్లు తిరిగి రావడం. మా సీమలో సైకిలు ఎక్కేది ఎక్కడికైనా పోవడానికి. బడికి, మిల్లుకు, పాలకేంద్రానికి, వానలు లేని ఏడు కూలి వెతుక్కుంటూ ఊరు దాటడానికి. ఎక్కడికీ పోకుండా తొక్కడం కోసం ఈ నేల నుంచి ఒకడు అంత దూరం పోయాడంటే, అది నాకు వింతగా తోచింది.

కర్నూలు దాటాక నన్నూరు. అక్కడి నుంచి ఓర్వకల్లు దాకా రోడ్డు ఎక్కుడని కంటికి కనబడదు, తొడలకే తెలుస్తుంది. పైగా ఎదురుగాలి. ఓర్వకల్లు దగ్గర ఎవరో పనిగట్టుకుని పేర్చినట్టున్న రాళ్ళ గుట్టలు. వాటి మధ్య రాతివనం, అక్కడికి కొంచెం దూరంలోనే 2021లో మొదలైన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి విమానాశ్రయం. బజ్జీల ఆయన గుర్తొచ్చాడు. పారిస్ దోవ ఇటు కూడా ఉందని ఆయనకు చెప్పి రావలసింది.

తమ్మరాజుపల్లె ఘాటు దిగుడు మొదలయ్యాక తొక్కే పని లేదు. ఫ్రీవీల్ టకటకమంటూ పాడుతుంటే కాళ్ళు కదపకుండా కూర్చున్నాను. ఎక్కుడుకు దేవుడిచ్చే కూలి దిగుడు. ఆ సుఖంలో రోడ్డు పక్క మట్టిలోకి ఎందుకు తిప్పానో తెలియదు. రెండు నిమిషాల్లో వెనక చక్రం మెత్తబడింది. టైరు తిప్పి చూస్తే మూడు పల్లేరు కాయలు, వరసగా, ముత్యాల్లాగా.

పాణ్యం దాకా నడిపించుకుంటూ పోయాను. వేపచెట్టు కింద పంచరు కొట్టు, డెబ్బయ్యేళ్ళ ముసలాయన. ట్యూబు బయటికి లాగి, గాలి కొట్టి, నీళ్ళ తొట్టిలో ముంచి, బుడగలొచ్చిన చోటల్లా పుల్లతో గుర్తు పెట్టాడు. గరుకు కాగితంతో గీకుతూ నా కథంతా విన్నాడు. ఆయనకు సందేహాలు సైకిలు మీదే.

"ఆ సైకిలుకు బ్రేకులుండవా?"

"ఉండవు."

"ఫ్రీవీలు?"

"అదీ ఉండదు. చక్రం తిరిగినంతసేపూ పెడలు తిరుగుతానే ఉంటాది. కాలు ఆపాలన్నా ఆగదు."

"మల్ల నిలబెట్టేదెట్ల?"

"చుట్టూ తిరుగుతా తిరుగుతా నిదానం చేసుకోవాల్సిందే."

ముసలాయన ప్యాచీ మీద సుత్తితో రెండు దెబ్బలు వేసి తల పైకెత్తాడు. "అప్పు తీసుకున్నట్టు. ఎక్కినాంక తొక్కుతానే ఉండాల."

ట్రాక్ సైకిలు గురించి నేను చదివిన దేంట్లోనూ ఇంత మంచి మాట లేదు. నాకు తెలిసింది కూడా ఆయనకు చెప్పాను. ఆ పలకల ట్రాక్ మలుపుల దగ్గర 43 డిగ్రీల ఏటవాలుగా లేచి ఉంటుందని, జాతరలో కొయ్యబావి గోడల మీద మోటారు సైకిలు తిప్పేవాడిలాగే వేగమే మనిషిని గోడకు పట్టి ఉంచుతుందని, నెమ్మదించినవాడు జారి కింద పడతాడని. పర్స్యూట్‌లో ఇద్దరిని ట్రాక్‌కు ఎదురెదురు వైపుల నుంచి వదులుతారని, ఒకరి గాలిచాటున ఒకరు దాక్కోవడానికి వీలుండదని, అసలు పోటీ గడియారంతోనని.

ఆయన ఊఁ కొడుతూ అంతా విని, "మా ఊళ్ళోనూ వచ్చేవాడు ఒకడు, ఇట్లాంటోడే. దిగకుండా తొక్కేవాడు" అన్నాడు.

ఆ మాటతో నా నలభై ఐదేళ్ళు వెనక్కి తిరిగాయి. కుందూ ఒడ్డున మా ఊరికీ ఏడాదికోసారి వచ్చేవాడు ఆ సైకిలు మనిషి. రచ్చబండ ముందు నేల చదును చేసి, నాలుగు కట్టెలు పాతి, రంగు కాగితాలు కట్టి, మైకుసెట్టు పెట్టేవాళ్ళు. ఐదు రోజులో వారమో ఆ చుట్టులోనే తిరిగేవాడు, నేల మీద కాలు మోపకుండా. సైకిలు మీదే స్నానం, సైకిలు మీదే అన్నం. బిందె పళ్ళతో ఎత్తేవాడు, రొమ్ము మీద ట్యూబులైట్లు పగలగొట్టించుకునేవాడు. ఊరివాళ్ళు రూపాయి నోట్లు పిన్నీసులతో అతని చొక్కాకు గుచ్చేవాళ్ళు. అర్ధరాత్రి అందరూ పడుకున్నాక కూడా చైను కిరకిర వినబడేది. నేను దుప్పటి కప్పుకుని పోయి చూసేవాణ్ణి. చూసేవాళ్ళు లేకపోయినా తొక్కుతున్నాడా లేదా అని. తొక్కుతూనే ఉండేవాడు. ఆఖరి రోజు దిగితే నడవలేకపోయేవాడు. నలుగురు భుజాల మీద మోసుకుపోయేవాళ్ళు.

"ఆయప్పను ఎవురూ అడగల్యా, నువ్వు ఎన్నో నంబరు వచ్చినావని" అన్నాడు పంచరు తాత. టైరు ఎక్కించి, గాలి కొట్టి, బొటనవేలితో నొక్కి చూశాడు. ఇచ్చిన డబ్బు తీసుకుని, పోబోతుంటే పాత ట్యూబునొకదాన్ని కత్తిరించి, రెండు వేళ్ళ వెడల్పు రబ్బరు పట్టీ ఒకటి చేతిలో పెట్టాడు. "పెట్టుకో. దోవలో దేనికన్నా పనికొస్తాది."

చీకటి పడేవేళకు నంద్యాల చేరాను.

మర్నాడు పొద్దున్నే కె.సి. కెనాల్ గట్టు మీదికి పోయాను. కర్నూలు కడప కాలువ అనేది దాని పూర్తి పేరు. తుంగభద్ర మీద సుంకేశుల దగ్గర పుట్టి, నేను పోయే దారినే పోతుంది. మేమిద్దరం ఒకే ఊరికి బయలుదేరినవాళ్ళం. 1860లలో ఒక ఇంగ్లీషు కంపెనీ తవ్వించింది, లాభం రాక చేతులెత్తేస్తే 1882లో ప్రభుత్వం కొనుక్కుంది. పొలాలకు నీళ్ళొక్కటే కాదు, పడవలు నడిపించాలని కూడా అప్పట్లో ఆలోచన. ఎండకు పగిలే సీమలో పడవలు! ఆ పడవలు నిలవలేదు, నీళ్ళు మాత్రం నిలిచాయి. గట్టుకు ఒక పక్క వరి కోసిన మళ్ళు, అవతల నల్లరేగడిలో శనగ పచ్చగా పరుచుకుని ఉంది.

పడవల మాట ఊరికే ఎత్తలేదు. పారిస్‌లో మన దేశం కొత్తగా అడుగుపెట్టిన ఆటలు మూడు: సైక్లింగ్, రోయింగ్, అంధుల జూడో. రోయింగ్‌లో అనితతో కలిసి జంట పడవ నడిపిన కొంగనపల్లె నారాయణదీ నంద్యాల జిల్లానే. సైన్యంలో చేరి, 2015లో జమ్మూ కాశ్మీర్‌లో మందుపాతర పేలి కాలు పోయినవాడు. ఎనిమిదో స్థానంలో నిలిచాడు. దేశం కొత్తగా తలుపు తట్టిన మూడు ఇళ్ళలో రెండింటికి మనుషుల్ని పంపింది ఈ జిల్లా. అప్పటికి జిల్లాకు నిండా మూడేళ్ళు లేవు. 2022 ఏప్రిల్ దాకా ఇదంతా కర్నూలే.

గట్టు మీద మనిషి అలికిడి లేదు. ఒక కోరిక పుట్టింది. ఎడమకాలు పెడలు మీంచి తీసేసి, కుడికాలొక్కదానితో తొక్కి చూద్దామని.

ఒక తొక్కు పడింది. పెడలు కిందికి పోయింది, అక్కడే ఉండిపోయింది. దాన్ని పైకి తెచ్చేది అవతలి కాలని నాకు అంతవరకూ తెలియదు. పదేళ్ళ వయసులో సీటు అందక, ఫ్రేము సందులోంచి కాలు దూర్చి అడ్డతొక్కుడు తొక్కిన రోజుల నుంచి ఇప్పటిదాకా ఒక కాలు నొక్కుతుంటే రెండోది సాయం చేస్తూనే ఉందన్నమాట. సైకిలు పక్కకు ఒరిగింది. కాలువలో పడలేదు, గట్టు మీదే పడ్డాను. మోచేయి గీసుకుపోయింది.

అప్పుడు తాత ఇచ్చిన పట్టీ గుర్తొచ్చింది. కుడిపాదాన్ని పెడలుకు బిగించి కట్టాను. ఈసారి కాలు కిందికి తొక్కి, మళ్ళీ పైకి గుంజింది. నొక్కేటప్పుడు తొడ ముందుభాగం, గుంజేటప్పుడు తుంటి. పైన ఒకచోట, కింద ఒకచోట బలం అందని సున్నా ఉంది. వేగం ఉంటేనే ఆ సున్నా దాటుతుంది. బరువంతా ఒక పక్కే పడుతుంటే హ్యాండిలు రెండో పక్కకు లాగుతోంది. యాభై గజాలు పోయానేమో, రొప్పుతూ చెట్టుకు ఆనుకున్నాను.

పారా సైక్లింగులో సి1 నుంచి సి5 వరకు వర్గాలు, అంకె తగ్గినకొద్దీ శరీరానికి ఇబ్బంది ఎక్కువ. కృత్రిమ కాలు లేకుండా ఒంటికాలితో తొక్కేవాళ్ళకు చోటు సి2లోనే. ఆ సంగతి చదివినప్పుడు అంకెగా ఉండింది. గట్టు మీద అది నా తుంటిలో నొప్పిగా దిగింది. ట్రాక్ మీద నిలబడిన చోటి నుంచి మొదలుపెట్టాలి. వెనక చక్రాన్ని పట్టి ఉంచిన యంత్రం గడువు కాగానే వదిలేస్తుంది. తోసేవాళ్ళుండరు. ఆ మొదటి చుట్టే కొండ. మిగిలిన పదకొండు చుట్లూ ఆ కొండ మీద కూడబెట్టిన వేగాన్ని కాపాడుకోవడం. సి2లో స్వర్ణం గెలిచిన ఫ్రాన్స్ కుర్రాడు అలెగ్జాండర్ లెఓటే అర్హత పోటీలో పన్నెండు చుట్లనూ మూడున్నర నిమిషాల లోపే ముగించాడు. గంటకు యాభై కిలోమీటర్లకు పైమాటే. అతని సొంత దేశం, చుట్టూ కేకలు వేసే సొంత జనం. అదే చెక్క మీద, అదే పోటీలో, నంద్యాలవాడు కూడా తొక్కాడు.

నంద్యాల నుంచి మైదుకూరు దాకా ఆ రోజు ప్రయాణం. ఎడమచేతి పక్క నల్లమల నీలంగా వెంట వచ్చింది. ఆళ్ళగడ్డలో రోడ్డు పొడవునా శిల్పుల కొట్టాలు. సగం చెక్కిన నందులు, ముక్కు తీరని దేవుళ్ళు, దేశనాయకుల తలకాయలు అన్నీ ఒకే ధూళిలో కూర్చుని ఉన్నాయి. ఒక కొట్టం ముందు మంచినీళ్ళడిగి కూర్చున్నాను. కుర్రాడొకడు ఒకే చోట ఉలి పెట్టి టంగు టంగున కొడుతున్నాడు. అరగంట చూశాను, రాయిలో నాకేమీ తేడా కనబడలేదు.

"ఎంతసేపు కొడితే తెలుస్తాది నాయనా?"

"సాయంత్రానికి నాకు తెలుస్తాది. మీకు తెలియాలంటే వారం పడతాది సార్."

చాగలమర్రి దాటితే కడప జిల్లా. దువ్వూరు దగ్గర పసుపు చేలు ఆకులు పండబారుతున్నాయి. దారి పొడవునా ఊళ్ళలో ఒక సంగతి వెతుక్కుంటూనే వచ్చాను, సైకిలు మనిషి ఇప్పుడు ఎక్కడైనా కనిపిస్తాడా అని. టీ కొట్ల దగ్గర అడిగితే ముసలివాళ్ళ ముఖాలు వెలిగేవి, కుర్రవాళ్ళు ఫోన్లోంచి తల ఎత్తేవాళ్ళు కాదు. రచ్చబండలున్నాయి. వాటి ముందు చదునైన నేల ఇప్పుడు ట్రాక్టర్లు, మోటారు సైకిళ్ళు ఆపుకునే జాగా.

తెలుగునాట వెలోడ్రోమ్ అంటే నాకు తెలిసింది ఉస్మానియా విశ్వవిద్యాలయంలోది, 2002 జాతీయ క్రీడలప్పటిది. చెక్క ట్రాక్ కావాలంటే ఢిల్లీ పోవాలి, 2010 కామన్వెల్త్ క్రీడలకు కట్టిన దాని దగ్గరికి. ఈ రెండు వందల కిలోమీటర్లలో అలాంటి చుట్టు ఒక్కటీ నా కంటబడలేదు. ఒకప్పుడు నాలుగు కట్టెలు పాతితే చుట్టు తయారయ్యేది, చుట్టూ ఊరు నిలబడేది. ఇప్పుడు తొక్కేవాడు పుట్టాడు. తొక్కే చోటు ఎక్కడో ఉంది. చూడాల్సిన మనం పతకాల పట్టికలో పై మూడు గళ్ళు చూసి పేజీ తిప్పేశాం. దుప్పటి కప్పుకుని అర్ధరాత్రి చైను చప్పుడు వినడానికి పోయిన పిల్లవాడు నాలో కూడా ఎప్పుడో పడుకున్నాడు. పారిస్ పోటీని ఆ రోజు నేనూ చూడలేదు. మర్నాడు ఫలితం చదివాను, అంతే.

మూడోరోజు ఖాజీపేట దాటి, చెన్నూరు దగ్గర పెన్న వంతెన ఎక్కాను. వెడల్పాటి ఇసుక మధ్య నీళ్ళు సన్నగా పోతున్నాయి. పొలాల గట్లకు కడప బండలు నిలువునా పాతిన దడులు. మధ్యాహ్నానికి ఊళ్ళో ఉన్నాను. కారం దోసె తిని, పెద్ద దర్గాలో కాసేపు కూర్చుని, దేవుని కడపకు పోయి దండం పెట్టుకున్నాను. తిరుమల కొండకు పోయేవాళ్ళకు ఇది గడప అని మావాళ్ళ నమ్మకం.

సాయంత్రం బస చేసిన చోటికి దగ్గర్లోనే ఒక గ్రౌండు కనబడింది. సున్నంతో గీసిన పరుగు బాట, చుట్టు నాలుగు వందల మీటర్లు. పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. లెక్క వేసుకున్నాను. మూడు వేల మీటర్లంటే ఇక్కడ ఏడున్నర చుట్లు. చేతి గడియారం చూసుకుని మొదలుపెట్టాను, రెండు కాళ్ళతోనే. రెండో చుట్టులో బంతి ఏరడానికి వచ్చిన పిల్లవాడు నన్ను చూసి నిలబడ్డాడు. మూడో చుట్టుకు నలుగురయ్యారు. ఎవరు మొదలుపెట్టారో, బిగ్గరగా లెక్క పెట్టడం మొదలైంది. "నాలుగూ... ఐదూ..." ఆరో చుట్టులో నాకు తొడలు మండుతున్నాయి, అయినా ఆపబుద్ధి కాలేదు. ఏడున్నర దగ్గర బ్రేకు పట్టి గడియారం చూసుకుంటే పదమూడు నిమిషాలు దాటింది.

"గెలిచినావా తాతా?"

"లేదు."

"ఎవురితో పందెం?"

"గడియారంతో."

వాడు ఆ సంగతి కాసేపు ఆలోచించాడు. పెడలుకు ఇంకా వేలాడుతున్న రబ్బరు పట్టీ మీద కన్నుపడింది. "అదేంటికి?" అన్నాడు. చెప్పాను. నంద్యాల పేరు, అర్షద్ పేరు, పన్నెండు చుట్లు, ఒక కాలు. తొమ్మిదో స్థానమని కూడా చెప్పాను. వాడు దాని గురించి ఏమీ అడగలేదు. చెప్పులు విడిచి, బ్యాటు స్నేహితుడి చేతిలో పెట్టాడు.

"నాకు కట్టు తాతా. నేను తొక్కుతా. మీరు లెక్క పెట్టండిరా."

కూర్చుని వాడి పాదానికి పట్టీ చుట్టాను. సీటు వాడికి అందదు. నేను వెనక క్యారియర్ పట్టుకున్నాను. చీకటి పడుతోంది, పిల్లలందరూ సున్నపు గీత దగ్గరికి వచ్చి వరసగా నిలబడ్డారు.

"వదులు తాతా" అన్నాడు వాడు.